నిప్పాన్ మెస్సులో ఎడమ చెయ్యి

గురువారం ఉదయం పదకొండూ నలభైకి నేను స్టేషన్లో అడుగుపెట్టేసరికి, లోపలి గదిలో బెంచీ మీద కూర్చున్న అమ్మాయి లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టింది.

నా వల్ల అరెస్టయిన మనిషి నాకు దణ్ణం పెట్టడం ఇరవై రెండేళ్ల నా ప్రైవేటు డిటెక్టివ్ వృత్తిలో అదే మొదలు. తిట్టిన వాళ్ళున్నారు. చెప్పు విసిరిన వాళ్ళున్నారు. ఒకాయన రెండోది కూడా విసిరాడు గనక జత కుదిరింది. దణ్ణం మాత్రం ఎవరూ పెట్టలేదు. నా పేరు పానకాలరావు. పేరులో పానకం ఉందన్న మాటే గాని, ఆ క్షణాన నోట్లో ఉన్నది చేదు.

కేసు సంగతి ఇదీ. సోమవారం మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లోని నిప్పాన్ మెస్సు అనే జపాన్ హోటల్లో నాలుగో గదిలో నలుగురు భోజనానికి కూర్చున్నారు: నిర్మాత వెంకటరామయ్య, డైరెక్టర్ రవిచంద్ర, హీరో నిఖిల్, అసోసియేట్ డైరెక్టర్ స్టెఫీ. ఒకటీ పదిహేడుకి ఆ గది తెర పక్కనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. బయట బల్ల మీదున్న టీ కెటిల్లో ఏదో పొడి వేసి వెనక్కెళ్ళింది. ఒకటీ ఇరవై నాలుగుకి స్టెఫీ ఆ కెటిల్ లోపలికి తీసుకుని డైరెక్టర్ కప్పులో పోసింది. నలుగురిలో టీ తాగేది ఆయనొక్కడే. ఒకటీ యాభైకి బల్ల మీద వాలిపోయాడు. నిద్రమాత్రల పొడి అన్నారు డాక్టర్లు. బంజారా హిల్స్ ఆస్పత్రిలో మూడు రోజులుగా కళ్ళు తెరవలేదు.

గది బయటున్న సీసీ కెమెరా పాతది. అది చెయ్యి అని చెబుతుంది గాని ఆడదో మగదో, పదహారేళ్లదో అరవయ్యేళ్లదో చెప్పదు. సినిమా పేరు అచ్చేసిన నల్ల ఫుల్‌హ్యాండ్స్ టీషర్టు ఆ రోజు నలుగురి ఒంటి మీదా ఉంది. తెలిసింది ఒకటే. అది ఎడమ చెయ్యి.

వెంకటరామయ్య గారు సోమవారం సాయంత్రమే నన్ను శ్రీనగర్ కాలనీలో తన ఆఫీసుకి పిలిపించి, సోఫాలో కూర్చోబెట్టి ఆ వీడియో పదకొండు సార్లు చూపించారు. మంగళవారానికల్లా నేను తేల్చేశాను. నలుగురిలో ఎడమచేతివాటం స్టెఫీ ఒక్కర్తిదే. పోలీసులకి రిపోర్టు రాసిచ్చాను. బుధవారం పొద్దున్నే సీఐ రాములు బోరబండ వెళ్ళి, ఇంట్లో వాళ్ళందరూ చూస్తుండగా ఆ పిల్లని జీపెక్కించాడు. ఇవాళ మూడింటికి ప్రెస్ మీట్, నాలుగింటికి కోర్టు. విషం పెట్టిందని ఒకసారి టీవీలో మొహం పడితే, తర్వాత ఏ కోర్టు ఏమన్నా, ఫిల్మ్‌నగర్‌లో ఏ సెట్టు గేటూ ఆమెకి తెరుచుకోదు.

రిపోర్టులో ఒక పేజీ మీద సంతకం మర్చిపోయానని రాములు రమ్మంటే వచ్చాను.

"ఏమ్మా, ఏమైనా తిన్నావా?" అన్నాను. ఇంకే ప్రశ్నా దొరకలేదు.

"మీరు తిన్నారా సార్?"

"నేనా? పొద్దున ఇంట్లో ఇడ్లీ..."

"ఇంట్లో కాదు సార్. నిప్పాన్ మెస్సులో. నాలుగో గదిలో."

"లేదు."

"పోనీ, ఆ గది చూశారా?"

"వీడియో చూశాను."

"సార్, నేను గోడ వైపు కూర్చున్నాను. నేను తెర బయటికి చెయ్యి పెట్టాలంటే పెద్దాయన్ని, అదే నిర్మాత గారిని, దాటుకుని పాకాలి."

"నువ్వు రెండుసార్లు లేచావని వెంకటరామయ్య గారే అన్నారు."

"ఆయన అన్నారు. మీరు రాశారు. నన్నెవరూ అడగలేదు. నేను లేచింది ఒక్కసారే సార్, టీజర్ అయ్యాక కెటిల్ అందుకోడానికి."

నిజమే. నేను ఆ పిల్లతో మాట్లాడింది మొత్తం నాలుగు నిమిషాలు, లిఫ్టు దగ్గర. అందులో రెండు నిమిషాలు నా జోకులే.

"ఒకటీ పదిహేడుకి ఏం చేస్తున్నారు మీరంతా?"

"టీజర్ చూస్తున్నాం సార్. ల్యాప్‌టాప్ గోడ అలమార్లో పెట్టాను. డైరెక్టర్ గారూ నేనూ ముందు, వాళ్ళిద్దరూ మా వెనక. నిమిషం పది సెకన్లు."

"నిఖిల్ చూసి ఉండాలిగా?"

"టీజర్లో నిఖిల్ గారే ఉన్నారు సార్. ఆయన తనని తాను చూసుకుంటుంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు."

"మరి డైరెక్టర్ మీద నీకు కోపమని..."

"కోపమా? ఆ సాయంత్రం ఐదింటికి రవిచంద్ర గారు పత్రికల వాళ్ళ ముందు 'కథ: స్టెఫీ' అని చెబుతానన్నారు. నాలుగేళ్లు రాశాను సార్ ఆ కథ. పెద్దాయన మాతో కలిసి సినిమా తీస్తున్న జపాన్ కంపెనీ వాళ్ళకి అది తన కథేనని చెప్పేసుకున్నారు. గదిలో గొడవంతా దాని మీదే. డైరెక్టర్ గారు కళ్ళు తెరిస్తే చెబుతారు. తెరవకపోతే, అది నాదని చెప్పే మనిషి ఇంకొకరు లేరు."

"ఇదంతా నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మొదలుపెట్టాను సార్. 'కథలు చెప్పకు' అన్నారు మీరు. అని నవ్వారు."

అన్నాను. ఆ జోకు బాగా పేలిందని ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను.

సంతకం పెట్టకుండానే స్టేషన్ మెట్లు దిగాను.

*

నిప్పాన్ మెస్సుకి వెళ్ళేసరికి పన్నెండూ యాభై. అవకాశాల కోసం తిరిగే అసిస్టెంట్లూ, ఎడిటింగ్ గదుల కుర్రాళ్ళూ కడుపు నింపుకునే చోటు అది. కంచం పక్కన తినడానికి చాప్‌స్టిక్ పుల్లలు పెడతారు. మా ఫిల్మ్‌నగర్‌లో పుల్లలు మనుషుల మధ్య పెడతారు గనక ఇక్కడి జనానికి కొత్తేమీ అనిపించదు.

సోమవారం డ్యూటీలో ఉన్న గీతిక నన్ను నాలుగో గదికి తీసుకెళ్ళింది. చెప్పులు బయట విడిచి, ఎత్తు అరుగు మీద మఠం వేసుకుని కూర్చోవాలి. గుమ్మానికి మోకాళ్ళ దాకా నల్ల తెర. తెర బయట చిన్న బల్ల.

"లోపలికి మేం రాము సార్. గీ బల్ల మీద పెట్టి గంట కొడ్తం. లోపలున్నోళ్ళే అందుకుంటరు," అంది గీతిక.

తెర పక్కన, వెంకటరామయ్య కూర్చున్న చోట కూర్చున్నాను. అక్కణ్ణుంచి బల్ల అందుతుంది. స్టెఫీ చోటికి జరిగి చెయ్యి చాపాను. మూరెడు దూరం తక్కువైంది. రెండు రోజుల కిందట రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి.

"వాళ్ళు ఏం తిన్నారో నాకూ అదే పెట్టమ్మా."

కూర పోసిన అన్నం వచ్చింది, పైన వేయించిన చికెన్ ముక్క. పక్కన చిన్న గిన్నెలో టోఫు, అంటే సోయా పన్నీరు. కాగితం విప్పి, అంటుకున్న పుల్లల జత విరిచాను. మొదటి ముద్ద ఒళ్ళో పడింది. రెండోది సోయా సాసులో మునిగింది. మూడోది ఎక్కడ పడిందో కనిపెట్టలేకపోయాను, డిటెక్టివ్‌ని అయ్యుండీ. పక్క గదిలో కాలేజీ పిల్లలు కిచకిచమన్నారు. నన్ను చూసి కాకపోవచ్చు. అయినా చెవులు కాలాయి. అటూ ఇటూ చూసి, తెర పూర్తిగా లాగేసి, దొంగలా అన్నంలో చెయ్యి పెట్టాను.

బాగుంది. జపాన్ కూరైనా చేత్తో కలిపితే మన మాట వింటుంది. నాలుగో ముద్దలో ఉండగా బయట గంట మోగింది. టీ వచ్చింది. మాట్లాడకుండా కెటిల్ అందుకున్నాను.

"సార్!" బయటినుంచి గీతిక కేకేసింది.

"ఏమైందమ్మా?"

"మీ చెయ్యి సార్... కెమెరాల అచ్చం గిట్లనే ఉండె."

నేను నా చేతుల్ని చూసుకున్నాను. కెటిల్ నా ఎడమ చేతిలో ఉంది. కుడి చేతి అయిదు వేళ్ళూ కూరతో ముద్దలా దగ్గరికి ముడుచుకుని గాల్లో ఉన్నాయి. గుడ్డకి అంటకుండా మణికట్టు వెనక భాగంతో తెరని పక్కకి నెట్టి పట్టుకుని ఉన్నాను.

నేను ఎడమచేతివాటం మనిషిని కాను. నా కుడి చెయ్యి ఎంగిలి. అంతే.

యాభై రెండేళ్లుగా రోజుకి రెండుసార్లు చేస్తున్న పని ఇది. గ్లాసు ఎత్తేది ఎడమ చెయ్యి, నెయ్యి వేసుకునేది ఎడమ చెయ్యి, పెళ్ళి పందిట్లో పక్కవాడికి ఉప్పు అందించేది ఎడమ చెయ్యి. ఇది తెలియని తెలుగువాడు ఉండడు. తెలిసిన తెలుగు డిటెక్టివ్ మాత్రం లేకపోయాడు.

ఆ ఎడమ చేత్తోనే ఫోను తీసి వీడియో పన్నెండోసారి పెట్టాను. ఒకటీ పదిహేడు: ఆ చెయ్యి కెటిల్ మూతని బొటనవేలితో లేపి, అరచేతిలోని పొట్లాన్ని అదే చేత్తో వంచింది. రెండు చేతుల పని ఒంటిచేత్తో. 'ఆరితేరిన చెయ్యి' అని నా రిపోర్టులో మెచ్చుకున్నాను దాన్ని. చేతి పక్కన తెర ఉబ్బి ఉంది. వెనకనుంచి మణికట్టు నెట్టినట్టు. ఒకటీ ఇరవై నాలుగు: స్టెఫీ కుడి చేతి వేళ్ళతో తెర అంచు శుభ్రంగా పట్టుకుని, ఎడమ చేత్తో కెటిల్ తీసుకుంది. ఆమె వేళ్ళు పొడిగా ఉన్నాయి. పుల్లలతో తిన్న మనిషి వేళ్ళు.

"గీతికా, సోమవారం చేత్తో తిన్నదెవరు?"

ఆమె తల దించుకుంది. "చెప్పనని మాటిచ్చిన సార్."

"ఒక పిల్ల స్టేషన్లో ఉందమ్మా."

"పెద్దాయన సార్. 'జపాన్ల సినిమా తీసేటోనికి పుల్లలు పట్టుడు రాదంటే ఇజ్జత్ పోతదమ్మా, ఎవ్వరికి చెప్పకు' అన్నడు. నాకు పాపం అనిపించింది. నాలుగు జతలు పెట్టిన, రెండు విరవకుండనే వచ్చినయ్. హీరో సారు ఫోర్కు అడిగిండు. పెద్దాయన తెర ఏసుకుని చేత్తోటి తిన్నడు. డైరెక్టర్ సారు, ఆ అక్క పుల్లలతోటి తిన్నరు."

"పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"చేత్తోటి తినుడు నేరమా సార్? ఎవ్వరు అడగలే."

ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళకీ అది చెప్పుకోదగ్గ సంగతిగా తోచి ఉండదు. అన్నం చేత్తో తిన్నాడని ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు?

అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చి కూర చల్లారిపోయింది. మంగళవారం నేను ఆ సోఫాలో కూర్చుని ఉండగానే వెంకటరామయ్య స్టెఫీని పిలిచారు. "ఏమ్మాయ్, ఈ పార్సిలు మీద ఒక సంతకం పెట్టు," అన్నారు, సరిగ్గా నా మోకాళ్ళ ముందు. ఆమె ఎడమ చేత్తో పెట్టింది. నేను ఎగిరి గంతేశాను, నా అంతట నేనే కనిపెట్టానని. "మీరు చాలా త్వరగా తేల్చేస్తారని విన్నాను పానకాలరావు గారూ, అందుకే మిమ్మల్నే పిలిచాను," అన్నారాయన. దాన్ని మెప్పు అనుకున్నాను. టోఫు గిన్నెలో ఉంది. టోపీ నా నెత్తి మీద ఉంది.

*

"ఏంది డిటెక్టివ్ సాబ్! సంతకం పెట్టుమంటే గీడికొచ్చి దావత్ చేస్కుంటున్నవా?"

తెర ఎత్తింది సీఐ రాములు, సంతకం కోసం ఫైలు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. టైము ఒకటీ నలభై.

"సీఐ గారూ, ఆ అమ్మాయి కాదు. నేను తప్పు రాశాను."

ఆయన బూట్లు విప్పి నా ఎదురుగా కూర్చున్నాడు. ఫైలు తెరిచాడు. గొంతు సవరించుకుని నా రిపోర్టే నాకు చదివి వినిపించాడు. "'నేరస్థులు జన్మతః ఎడమచేతివాటం కలవారు. ఇందులో రవ్వంత సందేహం లేదు.' రవ్వంత గూడ లేదంట! ఇగో, ఇది ఇను. 'కెటిల్ దగ్గర చేతివాటం చూపినది ఎడమచేతివాటమే.' గిది జోకా సాబ్? కోర్టుకిచ్చే కాయితంల జోకేసినవా నువ్వు?"

నేను కంచం వంక చూశాను.

"రెండేండ్ల కింద నగల కేసుల టీవీల కూసోని ఏమన్నవ్? 'పోలీసులకి లాఠీ ఉంటది, ధాటి ఉండదు' అన్నవ్. నా బిడ్డ స్కూల్ల పిల్లలు అది పాటలెక్క పాడిండ్రు. యాదికుందా?"

"ఉంది."

"గప్పుడు నా మాట తప్పయితె నవ్వినవ్. గిప్పుడు నీ మాట నమ్మి నేను ఆడపిల్లను తీస్కొస్తె, మూడు గంటలకు ప్రెస్ పెట్టుకుంటె, కాదంటవ్. నీకు సోయి ఉందా?"

సోయా ఉంది, సోయే లేదు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని అన్నంతో పాటు మింగేశాను. ఇరవై రెండేళ్లలో నేను మింగిన మొదటి జోకు అది. ముల్లులా దిగింది.

"ఆ ప్రెస్ మీట్‌లో మీరేమీ అనక్కర్లేదు. నేనే నిలబడి తప్పయిందని చెబుతాను. ఆ పిల్ల పేరూ, నా పేరూ ఒకే నోటితో చెబుతాను."

"చెప్పుడు గాదు, సాక్ష్యమేది? నువ్వు గీడ చేత్తోటి తిన్నవ్. గదేనా సాక్ష్యం? జడ్జి సాబ్ నవ్వుతడు."

"మీరు భోంచేశారా?"

"యాడ! పొద్దుగాల్నుంచి నీ కేసే."

"గీతికా, సీఐ గారికి ఒక ప్లేటు."

ప్లేటు వచ్చింది. రాములు పుల్లల్ని చూసి, "గివి నాతోటి గాదు," అని పక్కన పడేసి, చొక్కా చేతులు మడిచి, కలుపుకుని తినడం మొదలెట్టాడు. మూడు ముద్దలు. నాలుగు. ఆయన చల్లబడ్డాక మెల్లగా వీడియో చూపిద్దామని నా ఆలోచన.

ఆ అవసరం రాలేదు. ఆయన ఫోను మోగింది.

ఫోను ప్యాంటు కుడి జేబులో ఉంది. కుడి చెయ్యి అలాగే గాల్లో ఆగింది. ఎడమ చెయ్యి పొట్ట మీదుగా చుట్టుతిరిగి వచ్చి, కుడి జేబులో దూరి, రెండు వేళ్ళతో ఫోను పైకి లాగింది.

"సీఐ గారూ, మీరు జన్మతః ఎడమచేతివాటం కలవారా?"

రాములు నన్ను చూశాడు. ఎడమ చేతిలో ఫోను చూశాడు. కూరతో ముడుచుకున్న కుడి చేతి వేళ్ళు చూశాడు. ఫోను మోగుతూనే ఉంది.

"ఓరి నీ..." అన్నాడు. కోపం కాదు. నా మొహంలో అరగంట కిందట ఉన్నదే ఆయన మొహంలోకి వచ్చింది. "బుధవారం పొద్దుగాల ఆ పిల్ల తండ్రి నా కాళ్ళు పట్టుకున్నడు సాబ్."

"మీ కాళ్ళు. పట్టుకోవాల్సింది నా చొక్కా."

"గయితె ఎవరు? చేత్తోటి తిన్నదెవరు?"

"వెంకటరామయ్య. ఆ కథ ఆ అమ్మాయిదని డైరెక్టర్ ఆ సాయంత్రం చెప్పబోయాడు. డైరెక్టర్ నోరు మూయించి, నింద ఆ అమ్మాయి మీద వేస్తే, కథ ఈయనకి మిగిలిపోతుంది."

ఫోను ఆగి మళ్ళీ మోగింది. రాములు ఎడమ బొటనవేలితో నొక్కి స్పీకర్ పెట్టాడు. ఆస్పత్రి దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్.

"సార్, ఖుష్ ఖబర్! డైరెక్టర్ సాబ్ కండ్లు తెరిచిండు. ఇరవై నిమిషాలయితుంది."

చెప్పే మనిషి లేచాడు. స్టెఫీ బయటపడింది.

"మాట్లాడుతుండా?" అన్నాడు రాములు.

"స్టెఫీ, స్టెఫీ అని రెండుసార్లు పిలిచిండు సార్. గంతే. ప్రొడ్యూసర్ సాబ్ గూడ వచ్చిండు. ఫ్లాస్కుల కొబ్బరినీళ్ళు తెచ్చిండు. తనే తాగిపిస్తనని నర్సమ్మను, నన్ను బయటికి పంపిండు. మస్తు ప్రేమ సార్ ఆయనకు."

రాములు లేచి నిలబడ్డాడు. "నాకు గిప్పుడు చెప్తున్నవ్. ఆయనకు ముందు ఎట్ల తెలిసిందిరా?"

"నర్సమ్మ చేసింది సార్. మంచం కాడ కాయితం అంటించి ఉంది గదా, పేషెంట్ లేస్తె అందరికన్న ముందుగాల ప్రొడ్యూసర్ సాబ్ నంబర్‌కు చెయ్యాలని."

"ఎవడు అంటించిండు?"

"కింద డిటెక్టివ్ సాబ్ సంతకం ఉంది సార్."

రాములు నా వంక తిరిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. మంగళవారం సాయంత్రం, రిపోర్టు ఇచ్చేశానన్న హుషారులో, 'మా క్లయింటు ఆత్రం చూడలేకపోతున్నానమ్మా' అని నర్సుతో నవ్వుతూ నేనే రాసి అంటించాను ఆ కాగితాన్ని.

"లోపలికి పోరా! గా ఫ్లాస్కు గుంజుకో!" రాములు అరిచాడు. "జల్ది!"

"సార్... తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంది సార్."

"తన్నురా!"

మేమిద్దరం ఎంగిలి చేతులతో, కాళ్ళకి చెప్పులూ బూట్లూ లేకుండా జీపు వైపు పరిగెత్తాం. రాములు ఎడమ చేతిలోని ఫోనులోంచి మొదటి తన్ను వినిపించింది. రెండోదీ వినిపించింది. మూడో తన్నుకి జీపు స్టార్టయింది. తలుపు విరిగిన చప్పుడు మాత్రం ఇంకా రాలేదు.